కూజా ఊదిన కుర్రాళ్లు 41 నిమిషాల హోరు దాకా ఎలా వచ్చారు? (క్యాన్డ్ హీట్ ముచ్చట)

గోదారిగాలి
అందరికీ నమస్కారమండి. వారం రోజులుగా ఒకే బ్యాండు వింటున్నాను, 1960ల నాటి అమెరికా బ్యాండు క్యాన్డ్ హీట్. మొదట చెవిన పడింది 'గోయింగ్ అప్ ద కంట్రీ'. వేణువు, పిట్టకూతలాంటి సన్నటి గొంతు, మూటాముల్లె సర్దుకుని ఊరెళ్లిపోదాం పద అన్నట్టుండే పాట. మా నాన్నగారికి వినిపిస్తే ఆయన కూడా పడక్కుర్చీలో కాలు ఆడించారు. సరే, ఆల్బమ్ మొత్తం విందామని 1968 నాటి 'లివింగ్ ద బ్లూస్' పెట్టాను. రెండో రికార్డుకి వచ్చేసరికి 'రీఫ్రైడ్ బూగీ' అని ఒకటే ముక్క, ప్లేటుకి రెండు వైపులా కలిపి 41 నిమిషాలు! కిటికీ అద్దాలు అదిరాయండి.

వీళ్లు అసలు కరెంటు వాయిద్యాల జోలికే పోకుండా జగ్ బ్యాండుగా మొదలయ్యారని ఎక్కడో చదివాను. ఆ మెత్తటి చోటు నుంచి ఈ హోరుకి ఎలా వచ్చారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. తొందరేమీ లేదు, నిదానంగా చదువుకుంటాను.

పాతరికార్డు
గాలి గారూ, మంచి ప్రశ్న వేశారు. ఈ బ్యాండు గిటార్లతో పుట్టలేదండి, 78 స్పీడు గ్రామఫోను ప్లేట్లతో పుట్టింది. నేను నలభై ఏళ్లుగా ప్లేట్లు పోగేస్తున్నవాణ్ని కాబట్టి ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను.

1965లో లాస్ ఏంజలెస్ పక్కన కొండల్లో ఉండే టొపాంగాలో బాబ్ హైట్ అనే కుర్రాడి ఇంట్లో అందరూ చేరారు. హైట్ రికార్డుల షాపులో పనిచేసేవాడు. భారీ మనిషి, అందుకే 'ఎలుగుబంటి' అని ముద్దుపేరు. ఇంటినిండా పాత బ్లూస్ ప్లేట్లే, అంటే అమెరికా నల్లజాతివాళ్ల బాధల పాటలు. అక్కడికి వచ్చిన రెండోవాడు అలన్ విల్సన్. 1943 జూలై 4న మసాచుసెట్స్‌లో పుట్టాడు, బాస్టన్ యూనివర్సిటీలో సంగీతం చదివాడు. చూపు బాగా తక్కువ, సోడాబుడ్డి కళ్లద్దాలు. 'గుడ్డి గుడ్లగూబ' అని పేరు పెట్టింది గిటారిస్టు జాన్ ఫాహీ. ఈ ఫాహీ అప్పట్లో చార్లీ ప్యాటన్ అనే మిసిసిపీ గాయకుడి మీద లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. స్వరాల లెక్కలు తేల్చడానికి విల్సన్‌ని తూర్పు తీరం నుంచి వెంటబెట్టుకు వచ్చాడు. హైట్‌కి పరిచయం చేసింది కూడా అతనే.

మూడోవాడు గిటారిస్టు హెన్రీ వెస్టైన్. 1964లో ఫాహీ, బిల్ బార్త్‌లతో కలిసి మిసిసిపీలోని ట్యూనికా ఆసుపత్రి దాకా వెళ్లి, ముప్ఫై ఏళ్లుగా లోకం మరిచిపోయిన బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్‌ని మంచం మీద ఉండగా కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు. అంటే బ్యాండు కట్టకముందే వీళ్లు వెతకడం నేర్చినవాళ్లు, వినడం నేర్చినవాళ్లు. హోరు తర్వాత వచ్చింది.

కొత్తశ్రోత
నాకు ఈ సంగీతం కొత్త, కాబట్టి అడుగుతున్నా. జగ్ బ్యాండు అంటే ఏమిటి? ఇంకోటి, క్యాన్డ్ హీట్ అంటే 'డబ్బాలో వేడి' అనేగా? అదేం పేరు?

పాతరికార్డు
అడగాల్సిన ప్రశ్నే. 1920ల్లో మెంఫిస్, లూయీవిల్ ఊళ్లలో నల్లజాతి వీధి కళాకారులు బాస్ వాయిద్యం కొనే స్తోమత లేక, సారా పోసుకునే పెద్ద మట్టి కూజా మూతి దగ్గర పెదాలు పెట్టి 'బ్రూమ్ బ్రూమ్' మని ఊదేవారు. దానికి తోడు గిటారు, బాంజో, మౌతార్గాన్, బట్టలు ఉతికే రేకుపలక. ఆ రేకు మీద గీకితే తాళం. అదే జగ్ బ్యాండు.

ఇక పేరు. పెళ్లి బఫేలో కూర గిన్నెల కింద చిన్న డబ్బా వెలిగించి పెడతారు చూడండి, నీలం మంట వస్తుంది, అదే. స్టెర్నో అనే బ్రాండు డబ్బా అమెరికాలో ఉండేది. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం. తాగుడుకి బానిసైన పేదలు ఆ జెల్లీని గుడ్డలో వేసి పిండుకుని తాగేవారు. అందులో ఉండేది మిథనాల్ కలిసిన స్పిరిట్, కళ్లు పోగొట్టే విషం. టామీ జాన్సన్ అనే మిసిసిపీ గాయకుడు ఆ వ్యసనం గురించే 1928లో మెంఫిస్‌లో విక్టర్ కంపెనీకి 'క్యాన్డ్ హీట్ బ్లూస్' పాడాడు. చంపుతోందని తెలిసినా మానలేకపోతున్నానని ఏడుపు. అందులోంచే ఈ పేరు.

ఆ ప్లేటు వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. టామీ జాన్సన్ ఉన్నట్టుండి గొంతు పైకెత్తి ఆడగొంతులోకి జారుకుంటాడు. స్కిప్ జేమ్స్ అయితే పాటంతా ఆ పైగొంతులోనే. గాలి గారు విన్న ఆ సన్నగొంతు విల్సన్‌దే, దానికి పునాదులు ఆ ఇద్దరే.

కొత్తశ్రోత
బఫే డబ్బా! ఇప్పుడు ఇక మరిచిపోను. ధన్యవాదాలు గురువుగారూ.

ఓరుగల్లు_బాస్
నమస్తే అందరికి. నేను బాస్ గిటార్ వాయిస్త, పదేండ్లయితుంది. పెద్దాయన చెప్పినవి మంచిగున్నయి, గని ఒక మాట కలపాలె. మెత్తగున్నోళ్లు ఒక్కసారి గట్టిగ ఎట్లయిన్రు అని అడుగుతున్నరు గదా. గట్టిగ వాయించుడు ఈ పోరగాండ్లు కనిపెట్టింది కాదు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను చూడున్రి. 1941ల మిసిసిపీ స్టోవాల్ తోటల ట్రాక్టర్ నడుపుకుంట ఉత్త కట్టె గిటార్ మీద పాడిండు, జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ వచ్చి రికార్డ్ చేసిండు. 1943ల షికాగో పోయిండు. అక్కడ బార్లల్ల ఒర్లుడు, గ్లాసుల సప్పుడు, ఉత్త గిటార్ ఎవ్వనికి ఇనవడది. అందుకే కరెంట్ గిటార్ పట్టిండు. ఊరు ఇడిసి పట్నం పోయిన లక్షల మంది కతనే అది.

క్యాన్డ్ హీట్‌ల ఆ కరెంటును నిలవెట్టింది లారీ టేలర్, బాస్. ఆయన అంతకుముందు రాక్ గాయకుడు జెర్రీ లీ లూయిస్ ఎనక వాయించిండు, మంకీస్ అనే పాప్ బ్యాండ్ రికార్డులల్ల వాయించిండు. ప్లేట్లు పోగేసిన కలెక్టర్ల నడుమ స్టేజీ తెలిసిన ప్రొఫెషనల్ ఆయన. 1967 మొదటి ఆల్బమ్ ఇని, ఎంబడే 1968 'బూగీ విత్ క్యాన్డ్ హీట్' ఇనున్రి. మొదటిదాంట్ల అంత కరెక్టే ఉంటది, కని పరీక్ష రాస్తున్నట్టు ఉంటది. రెండోదాంట్ల బండి ఉరుకుతది. నడిమిట్ల ఏమైంది? 1967 డిసెంబర్ల మెక్సికో సిటీల పుట్టిన ఫీటో డి లా పారా వచ్చి డ్రమ్స్ ముంగట కూసున్నడు. ఆయన, టేలర్ కలిసి అడుగు ఏస్తె ఎంత బరువున్న పాటైన లేస్తది. నేను ఆ ఆల్బమ్ ఆఖర్ల ఉన్న 'ఫ్రైడ్ హాకీ బూగీ' బాస్ నేర్సుకునుడికి రెండు నెలలు పట్టింది. స్వరాలు రెండు రోజులల్ల వచ్చినయి. పదకొండు నిముషాలు అదే అడుగు తప్పకుంట, అలవకుంట ఏసుడే వస్తలేదు.

తంబురశ్రుతి
నేను నలభై ఏళ్లు వీణ నేర్పాను, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నాను. మా మనవడు ఈ చర్చ చూపించి, అమ్మమ్మా, ఇది నువ్వు వినాలి అని 'ఆన్ ద రోడ్ అగైన్' పెట్టాడు. మొదటి క్షణంలోనే చేతిలో పని ఆపేశాను. అది తంబురా! గిటారు కాదు, సింథసైజరు కాదు, మన తంబురా జీవాళీ. ఆ జుమ్మనే నాదం పాట ఆరంభం నుంచి చివరి దాకా పరుచుకుని ఉంది. మిగతా వాయిద్యాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. ఎవరు వాయించారో, ఎందుకు పెట్టారో చెప్పగలరా?

పాతరికార్డు
అమ్మా, మీ చెవికి నమస్కారం. అది విల్సన్ తానే వాయించి కలిపాడు. ఆ కాలంలో చాలా బ్యాండ్లు సితారు తెచ్చి పాటకి అలంకారంగా అతికించాయి. ఇతను అలా చేయలేదని నా అభిప్రాయం. మిసిసిపీ కొండ పల్లెల పాతకాపులు చాలామంది గిటారు మీద ఒకే శ్రుతిని పట్టుకుని, కార్డు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తి) మార్చకుండా, ఆ మోత మీదే పాటంతా నడిపేవారు. విల్సన్ ఆ మోతను విన్నాడు, హిందూస్థానీ సంగీతమూ శ్రద్ధగా విన్నాడు. రెండింటికీ కింద ఉన్నది ఒకే సూత్రం, నిలబడిన షడ్జమం. అందుకే తంబురా అక్కడ అతికినట్టు ఉండదు, మొలిచినట్టు ఉంటుంది.

ఆ పాట వంశవృక్షం కూడా చూడండి. 1928లో టామీ జాన్సన్ 'బిగ్ రోడ్ బ్లూస్'. దాన్నుంచి షికాగోలో ఫ్లాయిడ్ జోన్స్ 1953లో 'ఆన్ ద రోడ్ అగైన్'. దాన్నుంచి 1968లో విల్సన్. పాటల ఆదరణ లెక్కగట్టే అమెరికా చార్టులో 16, ఇంగ్లండులో 8 దాకా ఎక్కింది.

తంబురశ్రుతి
ధన్యవాదాలు నాయనా. నిన్న రాత్రి శ్రుతిపెట్టె 3 శ్రుతికి పెట్టుకుని, అంటే పాశ్చాత్యుల 'ఈ' స్వరానికి, మళ్లీ విన్నాను. దాదాపు కలిసింది. మౌతార్గాన్ దగ్గర ఒక అనుమానం వచ్చింది. మా మనవడికి ఆ వాయిద్యం కొద్దిగా వచ్చు. 'ఈ' షడ్జమంగా బ్లూస్ వాయించేవాళ్లు 'ఏ' స్వరపు మౌతార్గాన్ పట్టుకుంటారట. దాని ఆరో రంధ్రంలో గాలి లోపలికి పీలిస్తే పలికేది చతుశ్రుతి రిషభం, అంటే పెద్ద 'రి'. కాని విల్సన్ వాయిస్తున్నచోట చక్కటి సాధారణ గాంధారం, అంటే చిన్న 'గ', పలుకుతోంది. మా ఇంట్లో ఉన్న మౌతార్గాన్‌లో ఆ చోట అది రావడం లేదు. ఎలా?

పాతరికార్డు
అమ్మా, ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. విల్సన్ మౌతార్గాన్ విప్పి ఆ ఆరో రంధ్రం రేకును అరస్వరం పైకి సరిచేసుకున్నాడు. మీరు చెప్పిన చతుశ్రుతి రిషభం సాధారణ గాంధారం అయింది. ఆ ఒక్క స్వరం కోసం వాయిద్యాన్నే మార్చుకున్నాడు. మీరు చెవితో పట్టేశారు.

ఓరుగల్లు_బాస్
అమ్మా, దండం. పదేండ్ల నుంచి ఇంటున్న పాట, నాకు గా సంగతి ఎన్నడు తట్టలే.

తంబురశ్రుతి
నా పొగడ్తకేం గాని, ఈ పిల్లవాడు రేకు గీకి గాంధారం సంపాదించుకున్నాడంటే అతనెంత విన్నాడో ఆలోచించండి. బ్లూస్‌లో ఆ గాంధారం నికరంగా ఒకచోట నిలవదు. సాధారణ, అంతర గాంధారాల మధ్య, అంటే చిన్న 'గ'కీ పెద్ద 'గ'కీ నడుమ, ఊగుతుంది. వేలికి సీసా మెడ ముక్క తొడుక్కుని తీగ మీద జరుపుతారు చూడండి, అది మా గోటువాద్యంలో జారు పలికే తీరే. సాహిత్యం తెలియకపోయినా ఆ జారు నాకు అర్థమైంది.

కాని ఒక మాట దాచుకోలేను. మీరంతా మెచ్చుకుంటున్న 41 నిమిషాల బూగీ విన్నాను. పది నిమిషాల తర్వాత నా మనసు అలిసిపోయింది. అంత సున్నితమైన చెవి ఉన్నవాడు ఆ హోరులో ఎందుకు కూర్చున్నాడు? నాకైతే కరెంటు అతని సంగీతాన్ని మింగేసిందనిపించింది.

ఓరుగల్లు_బాస్
అమ్మా, మీ మాట మీద గౌరవంతోనే ఒప్పుకుంటలేను. మా ఊర్ల రాత్రంత భజన అయితది. ఒకటే నామం, ఒకటే శ్రుతి. మెల్లగ మొదలైతది, కాలం పెరుగుతది, తాళాలు, డోలక్ ఒక్కటైతయి, తెల్లారేటాళ్లకు ఎవ్వలు పాడుతున్నరో ఎవ్వలు ఇంటున్నరో తెల్వది. బయట నిలవడి ఇన్నోనికి హోరే. లోపల కూసున్నోనికి అది వేరే. బూగీ గూడ గట్లనే. అది ఇంట్ల కూసోని ఇనే ముక్క కాదు, అందరు ఎగిరే జాగల వాయించింది. కార్డు మారది కాబట్టి తంబురా ఇచ్చిన మోతనే అది, ఈసారి యాంపుల (కరెంటు స్పీకర్ల) నుంచి వస్తుంది అంతే.

ఆ అడుగు గూడ వాళ్లది కాదు. బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ 1948ల 'బూగీ చిల్లెన్' అని ఒక్కడే గిటార్ పట్టుకోని, కాలుతోని నేల గుద్దుకుంట పాడిండు. ఆ కాలి సప్పుడే క్యాన్డ్ హీట్‌ల డ్రమ్స్, బాస్ అయింది.

తంబురశ్రుతి
భజన పోలిక బాగుంది బాబూ. ఈసారి వాకిట్లో నడుస్తూ వింటాను, కూర్చుని కాదు.

అనంత_పల్లె
అన్నలకు, అమ్మకు నమస్కారం. నేను మొదటి నుంచి చదువుతా ఉన్నా. అందరూ విల్సన్‌ను పొగడతా ఉన్నారు, మంచిదే. నాకొక బాధ ఉండాది, అది చెప్పల్ల.

'గోయింగ్ అప్ ద కంట్రీ'లో ఆ వేణువు రాగం ఎవరిది? టెక్సాస్‌లో 1874లో పుట్టిన హెన్రీ థామస్‌ది. రైళ్లెక్కి ఊరూరు తిరిగి పాడుకున్న మనిషి. రెల్లు గొట్టాలు వరసగా కట్టి మెడకు తగిలించుకుని ఊదుకుంటా, గిటారు వాయించుకుంటా పాడినాడు. 1928లో 'బుల్‌డోజ్ బ్లూస్' అని రికార్డు చేసినాడు. ఆ రాగం అచ్చంగా అట్లే తీసుకున్నారు. వినండి, రెండు పక్కపక్కన పెట్టి వినండి, గుండె కలుక్కుమంటుంది. రికార్డు మీద పేరు మాత్రం విల్సన్‌ది ఒక్కటే. 'ఆన్ ద రోడ్ అగైన్' మీద ఫ్లాయిడ్ జోన్స్ పేరు కూడా వేసినారు కదా, ఇక్కడ హెన్రీ థామస్ పేరు ఎందుకు లేదు?

మా తాత తోలుబొమ్మలాట ఆడించేవాడు. ఆయన కట్టిన పాటలు కొన్ని ఎవరెవరో పాడి పేరు తెచ్చుకున్నారు, ఈయన పేరు ఎవురూ ఎత్తలేదు. అందుకే ఈ సంగతి దగ్గర నేను ఆగిపోతాను. ముందుకు పోలేను.

పాతరికార్డు
మీ తాతగారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పింది నిజం. దాన్ని సమర్థించను. మాటలు కొత్తవి రాశాడు, రాగం మాత్రం హెన్రీ థామస్‌దే. పేరు వేసి ఉండాల్సింది.

వీళ్ల పాటల డబ్బు వీళ్లకీ మిగల్లేదన్నది కూడా ఈ కథలో ఉంది. 1967 అక్టోబరులో డెన్వర్‌లో గంజాయి కేసులో పట్టుబడ్డారు. లాయర్ల ఖర్చుకి 10,000 డాలర్లు కావాల్సి వచ్చి, పాటల ప్రచురణ హక్కులు తమ రికార్డు కంపెనీ లిబర్టీ రికార్డ్స్ అధ్యక్షుడికి అమ్ముకున్నారు. పెద్ద పాటలు రెండూ ఆ తర్వాతే మోగాయి. ఇది చెప్పడం హెన్రీ థామస్‌కి జరిగిన అన్యాయాన్ని తగ్గించడానికి కాదు. ఆ రాగం ఎవరి నోటి నుంచి వచ్చిందో వాళ్లకీ, ఎవరు మోగించారో వాళ్లకీ కాకుండా డబ్బు మూడో జేబులోకి పోయింది.

గోదారిగాలి
ఆ వేణువు విల్సనే వాయించాడనుకున్నానండి ఇన్నాళ్లూ.

పాతరికార్డు
కాదండి, జిమ్ హార్న్ అనే స్టూడియో కళాకారుడు. హెన్రీ థామస్ రెల్లు గొట్టాల వరసలనే వేణువు మీద పలికించాడు. వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీత జాతర మీద 1970లో వచ్చిన డాక్యుమెంటరీ మొదట్లో ఈ పాటే పెట్టారు, దాంతో ఊరూరా తెలిసింది.

ఓరుగల్లు_బాస్
వుడ్‌స్టాక్ అంటే యాదికొచ్చింది. 1969 ఆగస్టు 16, శనివారం, పొద్దుగూకే యాల ఎక్కిన్రు స్టేజీ. అప్పటికి వెస్టైన్ లేడు. జూలైల టేలర్‌తోని పంచాది అయి ఎల్లిపోయిండు, గిటారిస్టు హార్వీ మ్యాండెల్ వచ్చి ఇంక నెల కాలే. మందిల నుంచి ఒక పిలగాడు స్టేజీ ఎక్కి హైట్‌ను పట్టుకుంటడు. వేరేటోళ్లయితె దొబ్బి కిందికి పంపుదురు. హైట్ ఆ పిలగాని మీద చెయ్యేసి, పాడుకుంటనే సిగరెట్ తీసుకోనిస్తడు, ముట్టించుకోనిస్తడు. విల్సన్ ఓ పక్కకు, వంగి, గిటార్ దిక్కు సూసుకుంట. ఆ ఇద్దర్ని ఒక్క ఫ్రేముల సూస్తె బ్యాండ్ అంత సమజైతది.

శాంటాక్రూజ్_శీను
కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే, ఇంటికి అరగంట దూరంలో రెడ్‌వుడ్ అనే మహావృక్షాల అడవి. విల్సన్ గురించి ఇక్కడివాళ్లకి ఇంకో జ్ఞాపకం ఉంది, అది చెప్పకపోతే అతని కథ సగమే.

అతనికి చెట్లంటే ప్రాణం. టూర్లలో హోటల్ గది ఉన్నా బయట చెట్ల కింద నిద్రసంచీ పరుచుకుని పడుకునేవాడు. 1970లో వచ్చిన 'ఫ్యూచర్ బ్లూస్' అట్ట లోపల రెడ్‌వుడ్ చెట్ల నరికివేత మీద ఒక వ్యాసమే రాశాడు. పాటల రికార్డు కొన్నవాడు తెరిచి చూస్తే చెట్ల గురించి వ్యాసం! 2020 ఆగస్టులో ఇక్కడి బిగ్ బేసిన్ పార్కు కాలిపోయినప్పుడు నేను మూడు రోజులు నిద్రపోలేదు. రెండేళ్ల తర్వాత తెరిచినప్పుడు వెళ్లాను. మాను మొత్తం బొగ్గు, దాని ఒంటి మీద మాత్రం పచ్చటి నూగులా కొత్త ఆకు. ఆ రోజు కార్లో తిరిగొస్తూ ఆ ఆల్బమే విన్నాను, అతని పాటల్లో ఒంటరితనం ఎందుకంత ఉంటుందో మొదటిసారి తట్టింది. 'మై టైమ్ ఏంట్ లాంగ్' అని అందులోనే ఒక పాట ఉంది. ఎక్కువ రోజులు లేవు అని అర్థం. అదే ఏడాది పోయాడు.

కొత్తశ్రోత
ఎలా పోయాడు?

శాంటాక్రూజ్_శీను
1970 సెప్టెంబరు 3న, టొపాంగాలో హైట్ ఇంటి వెనక కొండపక్కన, తన నిద్రసంచీలో. నిద్రమాత్రలు. 27 ఏళ్లు. అంతకుముందు మానసిక వ్యథకి ఆసుపత్రిలో కూడా ఉండి వచ్చాడు. రెండు వారాలకి గిటారిస్టు హెండ్రిక్స్, ఆ తర్వాతి నెల గాయని జానిస్ జాప్లిన్ పోయారు, ముగ్గురిదీ అదే వయసు. ఆ ఇద్దరి పేర్లు లోకానికి గుర్తున్నాయి. ఇతని పేరు తెలిసినవాళ్లు తక్కువ.

అనంత_పల్లె
ఇది నాకు తెలీదు. నేను గట్టిగా మాట్లాడితినేమో అని ఇప్పుడు అనిపిస్తా ఉండాది. హెన్రీ థామస్ మాట మాత్రం మార్చుకోను. అయినా ఒకటి అడుగుతా పెద్దాయనా, పాత గాయకులకు వీళ్లు ఏమైనా తిరిగి ఇచ్చినారా?

పాతరికార్డు
మీరు గట్టిగా మాట్లాడలేదు, న్యాయంగా మాట్లాడారు. తిరిగి ఇచ్చిన కథలు రెండు చెబుతాను. గాలి గారు అడిగిన ప్రశ్నకి నా జవాబు కూడా వాటిలోనే ఉంది.

మొదటిది బ్యాండు పుట్టకముందుది. సన్ హౌస్ అనే బ్లూస్ మహానుభావుడు 1930లో ప్యారమౌంట్ కంపెనీకి పాడాడు, 1941, 42లలో లోమాక్స్‌కి పాడాడు, ఆ తర్వాత మాయమైపోయాడు. 1964 జూన్‌లో డిక్ వాటర్‌మన్, నిక్ పెర్ల్స్, ఫిల్ స్పైరో అనే ముగ్గురు కుర్రాళ్లు మిసిసిపీ అంతా గాలించి, చివరికి న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో పట్టుకున్నారు. అరవై దాటిన మనిషి. గిటారు వదిలేసి ఏళ్లయింది, చేతులు వణుకుతున్నాయి, తన పాటలు తనకే గుర్తులేవు. అప్పుడు విల్సన్‌ని కూర్చోబెట్టారు. ఆయన ఎదురుగా గిటారు పట్టుకుని, 1930లో మీరు దీన్నిలా వాయించారు, 1942లో ఇలా మార్చారు అని ఒక్కొక్కటే వాయించి చూపించాడు ఆ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. పెద్దాయన వేళ్లు మెల్లగా దారి పట్టాయి. 1965లో కొలంబియా కంపెనీకి కొత్త రికార్డు చేశాడు. అందులో రెండు పాటల్లో విల్సన్ కూడా పలుకుతాడు, ఒకదాంట్లో గిటారు, 'లెవీ క్యాంప్ మోన్'లో మౌతార్గాన్. ఎంత వెనకగా, ఎంత అణకువగా వాయిస్తాడో వినండి.

రెండోది 1970 మే. జాన్ లీ హుకర్‌ని పిలిచి లాస్ ఏంజలెస్ స్టూడియోలో కూర్చోబెట్టారు. హుకర్ కాలి తాళం కోసం విడిగా ఒక మైకు పెట్టారు, బాస్ తమ్ముడు చెప్పిన కాలి సప్పుడు అదే. డబుల్ ఆల్బమ్, అంటే రెండు ప్లేట్లు. మొదట హుకర్ ఒక్కడే, బ్యాండు నోరెత్తదు. తర్వాత హుకర్, విల్సన్ ఇద్దరే. చివరికి అందరూ కలిసి హోరు. గాలి గారూ, మీరు అడిగిన ప్రయాణమంతా ఆ నాలుగు వైపుల్లో వరసగా ఉంది. ఒంటరి గిటారు, కాలి దెబ్బ, తోడు మౌతార్గాన్, ఆపైన ఉప్పెన.

ఆ నడిమి పాటలు వినండి. హుకర్‌కి ఆవర్తనం లెక్క ఉండదు. పన్నెండు బార్లు (తాళం గళ్లు) అనుకుంటే పదకొండున్నరకే తిప్పేస్తాడు, ఒక్కోసారి పదమూడు. గొప్ప గొప్ప వాళ్లు ఆయన వెనక వాయించలేక తడబడ్డారు. విల్సన్ ఎక్కడా తప్పడు. హుకర్ ఊపిరి పీల్చేచోటు తెలుసు ఇతనికి. ఈ కుర్రాడు నన్నెలా పట్టుకుంటున్నాడో, పుట్టినప్పటి నుంచి నా రికార్డులే విన్నాడేమో అని హుకర్ ఆశ్చర్యపోవడం ఆ రికార్డులోనే వినిపిస్తుంది. హుకర్ ఆల్బమ్‌లలో అమెరికా చార్టుకి ఎక్కిన మొదటిది అదే.

తంబురశ్రుతి
మృదంగ విద్వాంసుడు పాడేవారి పెదాల వంక చూస్తూ వాయిస్తాడు. అలాంటి చోట నేర్చినవాడు అన్నమాట. బాబూ ఓరుగల్లూ, మధ్యాహ్నం వాకిట్లో నడుస్తూ నీ బూగీ విన్నాను. ఇరవై ఐదు నిమిషాలు ఆగకుండా నడిచాను. డాక్టరు చెప్పినా నేను పది దాటను.

ఓరుగల్లు_బాస్
అమ్మా, ఈ మాట నాకు చాలు. వచ్చే ఆదివారం మా వాళ్లతోని 'ఆన్ ద రోడ్ అగైన్' కూసోవెడుతున్న. మా దోస్తు చెల్లె దగ్గర తంబురా ఉంది, అడుగుత. శ్రుతి పెట్టుడు మీరే నేర్పాలె.

తంబురశ్రుతి
ఫోన్ చెయ్యి. జీవాళీకి దారం ఎక్కడ పెట్టాలో చెబుతాను. పట్టుదారమే తీసుకో, నూలు వద్దు.

అనంత_పల్లె
నిన్న రాత్రి హెన్రీ థామస్‌వి దొరికినన్ని విన్నా. ఆయనవి విడుదలైనవి 23 పాటలు. ఒక్క పూటలో అయిపోయినాయి. మా తాత పాటలు మా పెద్దమ్మకు పదో పన్నెండో వచ్చు. ఉగాదికి ఊరికి పోతాండా. ఫోన్‌లో రికార్డు చేసుకొస్తా, ముందు తాత పేరు చెప్పిచ్చి, ఆమె పేరు చెప్పిచ్చి, ఆ తర్వాతే పాట.

పాతరికార్డు
తప్పకుండా చెయ్యండి. ఫోను బల్ల మీద పెట్టకండి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి, అదురు రాదు. ఫ్యాను ఆపేయండి. ఆమె మధ్యలో ఆగి కబుర్లు చెప్పినా రికార్డు ఆపొద్దు.

గోదారిగాలి
ఇంత చెబుతారనుకోలేదండి. అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి హుకర్‌తో చేసిన ఆ ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విన్నాను. 1971 జనవరిలో విడుదలైందట, అప్పటికి విల్సన్ పోయి నాలుగు నెలలు. నాన్నగారు కూడా పక్కనే కూర్చున్నారు. ఆయన ఫోనులో అట్ట బొమ్మ దగ్గరగా పెట్టి చూసి, గదిలో ఇంతమంది ఉన్నారు, వెనక గోడకి ఆ కళ్లద్దాల కుర్రాడి ఫొటో ఎందుకు తగిలించారు అని అడిగారు. చెప్పాను. ఇంకేమీ అనలేదు, ఆ ఇద్దరి పాటలు మళ్లీ పెట్టమన్నారు.